తేనెటీగకు ఆకలి తెలియని నగరం

"రాబోయే తొంభై రోజుల్లో ఈ నగరంలో తేనెటీగకు ఆకలంటే ఏమిటో తెలియకుండా చేస్తాను" అని పర్యావరణ శాఖ మంత్రిగారు టౌన్‌హాల్లో ప్రకటించి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అంతకు ముందు వారమే ఆయన తేనెటీగల మీద ఒక వీడియో చూశారనీ, చూస్తున్న నాలుగు నిమిషాలూ ఫోను ఎత్తలేదనీ ఆయన పీఏ పత్రికలవాళ్ళకి చెప్పాడు. ప్రజాజీవితంలో ఇంతటి త్యాగం ఈ మధ్య ఎవరూ చేసినట్టు లేదు.

పథకం గొప్పది, కాదనడానికి లేదు. ఈ నేల మీదే పుట్టి, ఒకసారి నాటుకుంటే ఏళ్ళ తరబడి తనంతట తానే మొలిచి పూసే ఒక అడవిపూల మొక్కను బైపాస్ రోడ్డు డివైడర్ పొడవునా పెంచాలి. ఆ పూల కోసం తేనెటీగలు వస్తాయి. తేనెటీగల్ని చూడ్డానికి జనం వస్తారు. జనాన్ని చూడ్డానికి మంత్రిగారు వస్తారు. ఎన్నికలు తొంభై అయిదో రోజున.

మర్నాడే ఉద్యానవనాల డైరెక్టరుగారు ఊళ్ళో తోటపనివాళ్ళందర్నీ కాన్ఫరెన్స్ హాలుకి పిలిపించారు. ఏసీ హాల్లో మట్టికాళ్ళతో కూర్చోవడం వాళ్ళకి అదే మొదలు. వెనక వరసలో, చెప్పులు కుర్చీ కిందికి నెట్టేసి, తోటక్క కూర్చుంది. ఆమె అసలు పేరు మస్టరు పుస్తకంలో ఉంటుంది గానీ, దాన్ని తెరిచి చూసేవాళ్ళు తక్కువ. నీళ్ళ ట్యాంకు ఆవరణలో పధ్నాలుగేళ్ళుగా దినకూలీ తోటమాలి. భర్త అక్కడే పంపు ఆపరేటరు. కాపురం కూడా ఆ ఆవరణలోనే, ఒక మూలగది క్వార్టర్లో.

గోడ మీద బొమ్మ పడింది. నాలుగు పలకల కాడ, రంపపు అంచు ఆకులు, కొసన గుత్తిగా ఊదారంగు పూలు. దాని శాస్త్రీయ నామం ఉత్తర్వులో ఒకటిన్నర లైను పట్టింది. డైరెక్టరుగారు దాన్ని రెండు దఫాలుగా చదివారు.

తోటక్కకి ప్రాణం లేచొచ్చింది. "ఇది మా పంపుహౌస్ వెనక ఉంది సార్. ఊదాపువ్వంటాను నేను" అంది లేచి నిలబడి.

డైరెక్టరుగారు ఆమె వైపు జాలిగా చూశారు.

"ఉండదమ్మా. ఈ మొక్క మన జిల్లాలో అంతరించిపోయింది. సర్వే చేసి మరీ రాశాం."

"మా ఇంటి వెనకే సార్. ఇప్పుడు మొగ్గమీదుంది."

"అంతరించిపోయిందనే కదమ్మా పథకం వచ్చింది. ఉందంటే పథకం ఏం కావాలి? కూర్చో."

తోటక్క కూర్చుంది. కానీ నోరు ఊరుకోదు కదా, మళ్ళీ లేచింది. "నాటిన ఏడు ఉత్త ఆకులే వస్తాయి సార్. ఆ ఏడంతా వేరు దిగుతుంది. పువ్వు చూడాలంటే మరుసటేడే."

"మంత్రిగారికి మరుసటేడు లేదమ్మా" అన్నారు డైరెక్టరుగారు, చాలా నెమ్మదిగా. "ఎన్నికలున్నాయి."

ముందు వరసలో ఒకాయన కాలు మీద కాలేసుకుని ఇదంతా విన్నాడు. మొక్కల సరఫరా టెండరు ఆయనదే. ఊళ్ళో అందరూ ఆయన్ని బామ్మర్దిగారు అంటారు. ఎవరి బామ్మర్ది అని అడిగితే వాళ్ళు ఊరికి కొత్త అని అర్థం. ఆయన వెనక్కి తిరిగి తోటక్కని ఆప్యాయంగా పలకరించాడు.

"పంపుహౌస్ అంటే, ట్యాంకు పక్కదేనా అక్కా?"

"అదే బాబూ" అంది తోటక్క. పెద్దమనిషి అక్కా అన్నాడని ఆ పూటంతా సంతోషంగా కూడా ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఆమె చెంపలు వాయించుకుంటుంది.

ఆ మొక్కల కథ చెప్పాలి. పధ్నాలుగేళ్ళ కిందట బైపాస్ వేస్తూ యంత్రాలు గట్టు తవ్వేస్తుంటే, తోటక్క ఒక దుబ్బు వేరు కొంగులో కట్టుకుని తెచ్చి పంపుహౌస్ వెనక పెట్టింది. ఆ ఏడు పూయలేదు. "నీకు నచ్చిందంటే అది పిచ్చిమొక్కే అయ్యుంటుందే" అని మొగుడు ఆట పట్టించాడు. "నిన్ను చేసుకున్నప్పుడే తెలియలేదా నా ఎంపిక" అని ఆమె జవాబు. రెండో ఏడు పూసింది. ఆ తర్వాత ఎండాకాలం వచ్చేసరికి పైనంతా ఎండి కట్టెలైపోవడం, చినుకు పడగానే నేలలోంచి ఎర్రటి మోసులు పొడుచుకురావడం. పధ్నాలుగేళ్ళలో మంచం వెడల్పు మడి కాస్తా గోడ పొడవునా పాకింది. పూసినన్నాళ్ళూ పొద్దున్నే అక్కడ పంపు మోతకి పోటీగా తేనెటీగల మోత. క్వార్టర్ల ఆడవాళ్ళు వేసుకున్న సొర, బీర, దోస పాదులన్నీ ఆ తేనెటీగల చలవతోనే కాస్తున్నాయి. అంతకు ముందు పిందె నిలిచేది కాదు. మూడుసార్లు 'స్వచ్ఛ' కార్యక్రమాల వాళ్ళు కట్టరు మిషన్లతో వస్తే, మూడుసార్లూ ఆమె గోడకి అడ్డంగా నిలబడి తిప్పి పంపింది. కడుపున పుట్టినవాళ్ళు లేని ఇల్లు అది. ఆ మడి జోలికి వస్తే తోటక్క మనిషి కాదు.

ఆ ఆదివారం తోటక్క చెల్లెలింటికి వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి గోడ పొడవునా గుంటలు. పక్కన స్టూలు వేసుకుని మొగుడు టీ తాగుతున్నాడు.

"ఏమయిందయ్యా ఇక్కడ?"

"ఆఫీసువాళ్ళు వచ్చారే. పిచ్చిమొక్కల తొలగింపట. ఆర్డరు చూపించారు. పని బాగా చేశారని నాచేత సంతకం కూడా పెట్టించుకున్నారు."

"నువ్వు పెట్టావా?"

"బాగానే చేశారు కదా మరి" అన్నాడు గుంటల వైపు చూపిస్తూ. "ఒక్కటి కూడా వదల్లేదు."

తోటక్క రెండు రోజులు అన్నం వండలేదు. మూడో రోజు ఆయనే వండాడు. అది తిన్నాక మనిషికి కోపం తగ్గలేదు గానీ, వంట మటుకు మళ్ళీ తనే మొదలుపెట్టింది.

బుధవారం ఆమెకి డివైడర్ మీద నీళ్ళు పోసే డ్యూటీ పడింది. వెళ్ళి చూస్తే ఏముంది, కొత్త కుండీల్లోంచి తీసి నాటిన దేశవాళీ మొక్కలు, పక్క రాష్ట్రంలోని ప్రత్యేక నర్సరీ నుంచి తెప్పించినట్టు చీటీలు కట్టి ఉన్నాయి. ఒక మొక్క కాడకి తను పోయిన నెల కట్టిన నీలం గుడ్డపీలిక కూడా ఉంది. లోతుకి దిగిన వేళ్ళని పారతో నరికి తెచ్చారు. ఆకులు ఉడకబెట్టినట్టు వేలాడుతున్నాయి. తోటక్క అక్కడే కూర్చుని ఏడ్చింది. లారీలు హారన్లు కొడుతూ వెళ్ళాయి. ఏడుస్తూనే నీళ్ళు పోసింది, ఎందుకంటే డ్యూటీ అది.

తొంభయ్యో రోజు రానే వచ్చింది. మొక్కలు మటుకు నేల కరుచుకుపోయాయి. అయితే మన యంత్రాంగం చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. ప్రతి ఎండు కాడకీ నాలుగేసి ప్లాస్టిక్ ఊదాపూలు తీగెతో కట్టించారు. దూరం నుంచి చూస్తే అసలు వాటికంటే బాగున్నాయని డైరెక్టరుగారు స్వయంగా మెచ్చుకున్నారు.

అప్పుడు భద్రతాధికారి వచ్చాడు. ఆహ్వాన పత్రిక చదివి ఆయన ముఖం పాలిపోయింది.

"ఇక్కడికి తేనెటీగలు వస్తాయా?"

"వాటి కోసమే సార్ పథకం" అన్నారు డైరెక్టరుగారు.

"మంత్రిగారు వచ్చేది కూడా ఇక్కడికేనా?"

"ప్రారంభించేది ఆయనే కదండీ."

"ఒకటి పెట్టుకోండి. ఆయనో, అవో."

బాధ్యత గల అధికారి కాబట్టి, ఇరువైపులా రెండు కిలోమీటర్ల మేర పురుగుమందు కొట్టించాడు. సభాస్థలి మీద దోమ కూడా ఎగరలేదు. తేనెటీగల లోటు తెలియకుండా బామ్మర్దిగారు లౌడ్‌స్పీకర్లో వాటి మోత రికార్డు వేయించారు. రిబ్బను కత్తిరిస్తూ మంత్రిగారు ఒకసారి ఉలిక్కిపడి చెవి దగ్గర చెయ్యి విదిలించారు. 'తేనెటీగను ఆప్యాయంగా నిమిరిన మంత్రి' అని మర్నాడు ఫోటో పడింది.

మంత్రిగారు గెలిచారు. మరుసటేడు లేదనిపించుకున్న మనిషికి మరుసటేడు వచ్చింది.

ఈలోగా క్వార్టర్లలో పాదులు పూసి పూసి రాలిపోయాయి, ఒక్క పిందె నిలవలేదు. తోటక్క పొద్దున్నే మగపువ్వు తుంచి ఆడపువ్వుకి రాస్తూ తిరిగేది. "తేనెటీగ ఉద్యోగం కూడా నీకే ఇచ్చారా" అన్నాడు మొగుడు. సంతకం పెట్టిన చేత్తో ఆయన కూడా ఆ పువ్వులు రాయడం మొదలుపెట్టాడు.

తొలి చినుకులు పడ్డ వారానికి ఆయనే పరిగెత్తుకొచ్చాడు. "ఏమే, ఒకసారి ఇలా రా."

గుంటలన్నింట్లోంచి ఎర్రటి మోసులు. పారలకి తెగి లోపలే ఉండిపోయిన ప్రతి వేరుముక్కా ఒక మొక్కయింది. ఒక దుబ్బు ఉన్న చోట నాలుగు లేచాయి. తోటక్క గుంట అంచున గొంతుకూర్చుని, ఒక్కో మోసునీ వేలితో ముట్టుకుంటూ గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళింది. వేళ్ళు పాతవే కాబట్టి ఏడాది ఆగకుండా, మూడు నెలలకే గోడ కనపడనంతగా పూసింది. తేనెటీగలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, వచ్చాయి.

సరిగ్గా అప్పుడే పథకం వార్షికోత్సవం వచ్చిపడింది. మంత్రిగారు పూలు చూస్తానన్నారు. డివైడర్ మీద ప్లాస్టిక్ పూలు ఎండకి వెలిసి సున్నం రంగుకి వచ్చాయి. ఊదారంగు పూలు ఊళ్ళో ఎక్కడున్నా పట్టుకు రమ్మని నలుగురు ఇన్‌స్పెక్టర్లని తోలారు. వాళ్ళు రెండో రోజు పంపుహౌస్ వెనక తేలారు. మూడో రోజు తోటక్కకి మెమో వచ్చింది. ప్రభుత్వ మొక్కల్ని డివైడర్ మీది నుంచి దొంగిలించి తన నివాసం వెనక దాచినందుకు సంజాయిషీ ఇవ్వాలి. దొంగసొత్తు వేళ్ళతో సహా తక్షణం అప్పగించాలి.

తోటక్క మెమో పట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్ళింది. "ఇవి నావి సార్. పదిహేనేళ్ళ నుంచీ అక్కడే ఉన్నాయి."

డైరెక్టరుగారు ఫైలు తిప్పారు. "నీ దగ్గరున్నవి పోయినేడే తీసేశాం. ఒక్కటి కూడా వదల్లేదని మీ ఆయన సంతకం ఉంది."

"తీసి డివైడర్ మీద పెట్టారు సార్."

"డివైడర్ మీదవి పక్క రాష్ట్రం నుంచి వచ్చాయి. బామ్మర్దిగారి సంతకం ఉంది."

"అవి చచ్చిపోయాయి సార్. నేనే నీళ్ళు పోశాను."

"ఫైల్లో బతికే ఉన్నాయి. నా సంతకం ఉంది." ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "చూడమ్మా. మొక్కలు డివైడర్ మీద ఉన్నాయని ఫైల్లో ఉంది. డివైడర్ మీద లేవు. నీ దగ్గర ఉన్నాయి. మధ్యలో జరిగిందాన్ని దొంగతనం అనకపోతే ఏమంటారో నువ్వే చెప్పు, అదే రాసుకుంటాను."

ఆమెకి ఆ మాట తెలుసు. ఎవరి పేరు పక్కన రాయాలో కూడా తెలుసు. చెప్పకుండా ఇంటికి వచ్చి కొడవలి తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ రిక్షా నిండా ఊదాపూల కాడలు డివైడర్ దగ్గర దిగాయి. మనుషులు వాటిని తడిమట్టిలో వరసగా గుచ్చారు. పచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. వెంట వచ్చిన నాలుగైదు తేనెటీగలు కూడా పూల మీదే ఉన్నాయి. భద్రతాధికారి బదిలీ అయిపోయాడు కాబట్టి వాటిని ఎవరూ ఏమీ అనలేదు. డైరెక్టరుగారు వంగి ఒక కాడని పట్టుకున్నారు. అది చులాగ్గా చేతిలోకి వచ్చేసింది. నేలకి జానెడు ఎత్తున, ఏటవాలుగా కోసిన కొస.

ఆయన చుట్టూ చూసి, దాన్ని మళ్ళీ గుచ్చేశారు.

"వేళ్ళతో సహా అని రాశామే."

"వేళ్ళు మట్టిలో ఉంటే కనపడవు కదా సార్" అంది తోటక్క.

"ఫోటోలో?"

"ఫోటోలోనూ కనపడవు సార్."

డైరెక్టరుగారు తల ఊపారు. వార్షికోత్సవం దివ్యంగా జరిగింది. మంత్రిగారు ఒక పువ్వు వాసన కూడా చూశారు. సాయంత్రం తోటక్క సంజాయిషీ ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్ళింది. 'తెలియక తీసుకెళ్ళాను, తిరిగి ఇచ్చేశాను, క్షమించగలరు' అని గుమాస్తా చెప్పిన మూడు ముక్కలూ రాసి, సంతకం పెట్టి, డైరెక్టరుగారి ముందు ఉంచింది.

ఆయన చదివి ఫైల్లో పెట్టుకున్నారు. ఆమె వెళ్ళబోతుంటే ఆపారు.

"ఏమ్మా, అక్కడ మళ్ళీ వస్తాయా?"

"వస్తాయి సార్. వచ్చేయేడు, ఇదే నెలకి."

డైరెక్టరుగారు గోడ మీద క్యాలెండరు వైపు చూసి, సొరుగు లాగి ఒక తెల్లకాగితం తీశారు. "అయితే వచ్చేయేటి దొంగతనానికి కూడా సంజాయిషీ ఇప్పుడే రాసిచ్చి వెళ్ళు. మళ్ళీ మళ్ళీ తిరగడం ఎందుకు నీకు. తేదీ ఖాళీగా వదిలెయ్."

తోటక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"ఇంకో కాగితం ఇవ్వండి సార్."

"ఎందుకు?"

"ఆ పైయేటిది కూడా రాసిచ్చేస్తాను. ఒకసారి వేరు పట్టిందంటే అది ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది సార్."

డైరెక్టరుగారు కాగితాల కట్ట మొత్తం ఆమె ముందుకి జరిపారు.