లిదియమ్మ ప్రార్థన విన్నపం

శనివారం పొద్దున్నే గోంగూర పచ్చడి నూరుదామనుకుంది లిదియమ్మ. ఆత్మకూరులో ఆమె పచ్చడికి పేరుంది, భక్తికి అంతకంటే పేరుంది. రోలు కడుగుతూ వసారాలోకి చూస్తే, సెలవులకు వచ్చిన మనవరాలు జెస్సికా పుస్తకంలో తల దూర్చి ఉంది. అట్టమీద ఎవరో ముసలిది మంత్రదండం పట్టుకుని నవ్వుతోంది.

"ఏందే అది?"

"మంత్రగత్తె కథవ్వా. ఆఖరి అధ్యాయమే మిగిలుండాది."

"క్రైస్తవుల బిడ్డవి, మంత్రాలు చదవతావా? ఇట్టియ్యి. రేపు నీళ్లపొయ్యిలో పెడతా."

"కథే కదవ్వా," అని జెస్సికా కళ్లనీళ్లు పెట్టుకుంది. లిదియమ్మ కరగలేదు. పుస్తకాన్ని అటక మీద పడేసి, స్త్రీల సమాజం సుకుమారికి ఫోన్ చేసింది. "మా జెస్సికా కోసం ప్రార్థన చెయ్యమ్మా. మంత్రాల పుస్తకం పట్టుకున్నాది."

వాళ్లలో ప్రార్థన విన్నపానికి రెండు మర్యాదలు. విన్నవాళ్లు ఇంకొకరికి చెప్పాలి, వివరాలు మాత్రం అడగకూడదు. అడిగితే అది ప్రార్థన కాదు, చాడీ అవుతుంది. అందుకని సుకుమారి నోట పిల్ల మంత్రాలు నేర్చుకుంటోంది. కబురు కలువాయి చేరేసరికి పిల్లకు పూనకం వచ్చింది. ఉదయగిరిలో దయ్యాలు వెళ్లగొట్టే ప్రార్థనలకు పేరున్న రెబెకమ్మ చెవిన పడేసరికి ఎవరో లిదియమ్మకే చేతబడి చేశారు, మనిషి మంచం పట్టింది. ఒక్కరూ వివరాలు అడగలేదు. అంత మర్యాదస్తులు.

మధ్యాహ్నానికి వాకిట్లో జీపు ఆగింది. రెబెకమ్మ, ఆమె వెంట ఉపవాసంతో బయల్దేరిన ఆడవాళ్లు చాపలతో, బైబిళ్లతో దిగారు. ఆత్మకూరు పాస్టరు యేసుబాబును కూడా దారిలో ఎక్కించుకొచ్చారు.

"మంచంలో ఉండాదన్నారే?" అంది ఒకామె, ఎదురొచ్చిన లిదియమ్మను చూసి.

"లేచి తిరగతా ఉండాదంటే ఇంకా ముదిరినట్టు," అంది రెబెకమ్మ.

"నాకేం కాలేదమ్మా. విన్నపం పిల్లకి."

"ఆ మాట నీ చేత దయ్యమే అనిపిస్తా ఉండాది," అని రెబెకమ్మ ఆమెను చాపమీద కూలేసి తలమీద చెయ్యి వేసింది. మిగతావాళ్లూ వేశారు. ఊపిరాడక లిదియమ్మ మూలిగితే, "పోతా ఉండాది, పోతా ఉండాది," అన్నారు.

చివరికి పాస్టరుగారే అడ్డంపడి అసలు సంగతి ఆరా తీశారు. పుస్తకం అటక దిగింది. "కాల్చేయండి అయ్యగారూ," అన్నారందరూ. జెస్సికా తలుపు పక్కన నిలబడి పుస్తకం వైపే చూస్తోంది.

యేసుబాబు అట్ట నిమిరారు. ఆయనదీ లిదియమ్మ పుట్టిన ఊరే, సీతారామపురం దగ్గర పల్లె. "అక్కా, వేరుశనక్కాయలు వొలిచేటప్పుడు మీ నాయన చెప్పిన కథలు మరిచిపోయినారా?"

ఎట్లా మరిచిపోతుంది? నాయన రమణయ్య సంఘ పెద్ద. సాయంత్రం ప్రార్థన ముగించి, లాంతరు మధ్యలో పెట్టి కథ ఎత్తుకునేవాడు. మబ్బుమీద మంచం వేసుకుని పడుకునే మాంత్రికుడు, వాడు గురక పెడితే ఉరుములు. వొలిచే చేతులు ఆగితే కథా ఆగేది. ఒడినిండా పొట్టు, పచ్చికాయల వాసన, "చాల్లే, పిల్లోళ్లు జడుసుకుంటారు" అనే అమ్మ గొంతు, అన్నీ ఒక్కసారి ముసురుకున్నాయి. ఆ వాకిలి ఇప్పుడు లేదు, ఆ మనిషీ లేడు. లిదియమ్మకు దుఃఖం ముంచుకొచ్చింది.

"అవి కథలు కదా అయ్యగారూ," అంది. అన్నాక మనవరాలి వైపు చూడలేకపోయింది.

"ఆ మాంత్రికుడికి మనమెవరం మొక్కలేదక్కా. కథ అయినాక దేవుడికే మొక్కి పడుకున్నాం. బైబిల్లో ఎర్రసముద్రం రెండు పాయలయిందంటే నేను టక్కున నమ్మినాను. నమ్మేదానికి లోపల చోటు చేసి పెట్టింది మీ నాయనే."

రెబెకమ్మ బైబిలు సంచీలో పెట్టుకుంది. లిదియమ్మ కళ్లు తుడుచుకుని, "పిల్లకిచ్చేయండి," అంది.

జెస్సికా ఆశగా చెయ్యి చాపింది. పాస్టరుగారు పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నారు. "రేపు సంఘంలో అడిగితే జవాబు చెప్పాల్సింది నేను. పరిశీలించి ఇస్తా."

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన జెస్సికాను గుడి పక్కకు పిలిచి పుస్తకం చేతిలో పెట్టారు. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. అటూ ఇటూ చూసి, "దీనికి రెండో భాగం ఉండాదా పాపా?" అన్నారు.

పరిశీలన సగంలో ఆపడం ఆయనకు ఇష్టం లేదు.