లీకైన ఆరోగ్య పరీక్ష

ఆ రోజు పొద్దున ఇన్‌స్పెక్టరుగారు పెట్టుకున్న పని ఒక్కటే. స్కూటరు తుడిచి, దాని మీద మార్కెట్టుకు వెళ్ళి, కూరగాయల కొట్టులో త్రాసును ఒకసారి అనుమానంగా చూసి రావడం. ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలిపెట్టింది గానీ అనుమానం వదిలిపెట్టలేదు. పాల పాకెట్టునైనా అరచేతిలో ఒకసారి ఎగరేసి చూస్తే తప్ప వంటింట్లోకి పోనిచ్చేవారు కారు.

గుడ్డ ఇంకా తడపకముందే కోడలు ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మావయ్యగారూ, శుక్రవారం మీకూ అత్తయ్యగారికీ క్లినిక్‌లో టైము తీసుకున్నానండి. పెద్దవాళ్ళకి ఏడాదికోసారి మామూలు చెకప్ ప్రభుత్వ బీమాలోనే చేస్తారట. మనమేం కట్టక్కర్లేదు."

"నాకేం జబ్బని?"

"జబ్బు లేకపోయినా చేస్తారండి."

ఇన్‌స్పెక్టరుగారి చేతిలో గుడ్డ అక్కడే ఆగిపోయింది. జబ్బు చేసినవాడినే గంటలకొద్దీ వరసలో నిలబెట్టే ప్రభుత్వం, జబ్బు లేనివాడిని పేరు పెట్టి పిలిచి మరీ చూస్తానంటోంది. ఆయన సర్వీసులో అడక్కుండా కొసరు వేసిన ప్రతి కొట్టులోనూ త్రాసు పళ్ళెం అడుగున ఓ అయస్కాంతం ముక్క దొరికింది.

"ఊరికే ఎందుకు చేస్తారమ్మా?"

"ముందే కనిపెడితే తర్వాత అందరికీ ఖర్చు తగ్గుతుందని."

"ఏం కనిపెడితే?"

"ఏముంటే అదే కదండీ" అని కోడలు పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి పరుగెత్తింది.

ఏముంటే అది. ఆ మాట ఆయన చెవిలో జోరీగలా తిరిగింది. ఎందుకంటే కిందటి వారమే స్కూటరు వెళ్ళి పక్కింటివాళ్ళ గేటుకు తగిలింది. ఆయన వాంగ్మూలం ప్రకారం గేటే వచ్చి స్కూటరుకు తగిలింది. సొట్ట చూసిన కొడుకు ఎక్కువేం అనలేదు. "ఇంక ఈ బండి అమ్మేద్దామా నాన్నా?" అని మాత్రం మెత్తగా అడిగాడు. కొడుకు మెత్తగా మాట్లాడటం ఆయనకు ఎప్పుడూ మంచి శకునంగా కనిపించలేదు. మార్కెట్టుకు, లైబ్రరీకి, ఏ పనీ లేకపోతే ఊరవతలిదాకా, ఎవరినీ బతిమాలుకోకుండా తీసుకెళ్ళేది ఆ స్కూటరొక్కటే. అది పోతే ఇక బతుకంతా కొడుకు కారు వెనక సీట్లో సంచీలతో పాటే.

మార్కెట్టు మానేసి ఆయన ఎదురింటి టైలరు దగ్గరికి వెళ్ళారు. టైలరు ఈ చెకప్పుకు పోయిన వారమే వెళ్ళొచ్చాడు.

"ఏం చేశారయ్యా అక్కడ?"

"బరువు చూశారు, బీపీ చూశారు, రక్తం తీశారు. అదంతా పైగుడ్డేనండి. అసలు లైనింగు లోపలుంది." టైలరు సూది నోట్లోంచి తీసి గొంతు తగ్గించాడు. "డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. కాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, ఆ మూడూ మళ్ళీ చెప్పమంది. గడియారం బొమ్మ కూడా వేయించింది."

"చెప్పావా?"

"రెండు చెప్పాను. మూడోది ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది."

"తర్వాత?"

"తర్వాతేముంది. మావాడు మోపెడ్ అమ్మేశాడు."

ఆ మోపెడ్ ఇంజను పట్టేసి ఏడాదిగా మెట్ల కింద పడి ఉందన్న సంగతి టైలరు చెప్పలేదు. ఇన్‌స్పెక్టరుగారు అడగలేదు. ఆయనకు కావలసిన సాక్ష్యం దొరికింది. దొరికాక ఇంకా తవ్వడం మంచి అధికారి లక్షణం కాదు.

"ఆ మూడు మాటలూ ఏమిటో?"

"గొడుగు, పడవ, నిమ్మకాయ. మీకెందుకండీ?"

"ఊరికే" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఊరికే అన్న మాటను జన్మలో నమ్మని మనిషి దాన్ని వాడటం అదే మొదలు.

ఇంటికి వస్తూ ఆయన అన్నివైపులా ఆలోచించారు. వెళ్ళనని మొండికేస్తే, "చూశారా, భయపడుతున్నారు" అంటారు. వెళ్ళి తప్పితే బండి పోతుంది. కాబట్టి వెళ్ళాలి, నూటికి నూరు తెచ్చుకోవాలి. ప్రశ్నపత్రం ఎలాగూ చేతిలో ఉంది. దొంగ తూకాలు పట్టుకోవడంలో జీవితం గడిపిన మనిషికి ఇది దొంగతనమన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. అవతలి పక్షం ముందు మొదలుపెట్టిందని సర్దిచెప్పుకున్నారు.

ఆ సాయంత్రం నుంచే చదువు మొదలైంది. స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడుతో పాటు "గొడుగు, పడవ, నిమ్మకాయ" అన్న జపం ఆయన భార్య పెద్దావిడకు వినిపించింది.

"ఏమండీ, గొడుగెందుకు? చుక్క మబ్బు లేదు."

"నీతో అన్నానా?"

"మరి ఎవరితో అన్నారు?"

లోపల నీళ్ళ చప్పుడు పెరిగింది. ఆవిడ తలుపు ముందు ఇంకాసేపు నిలబడి, ఈసారి పడవ ముందొచ్చిందని గమనించి, నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కోడలికి గడియారాలు కనపడటం మొదలైంది. ఆవిరి పట్టిన అద్దం మీద ఒకటి, పేపరు అంచున వరసగా కొన్ని, జల్లించి పెట్టిన పిండి మీద వేలితో గీసింది ఇంకొకటి. అన్నిట్లోనూ ముళ్ళు ఒకే చోట ఉన్నాయి. ఆమె పిండి పళ్ళెం అలాగే తీసుకెళ్ళి భర్తకు చూపించింది.

"ఇదేంటి?"

"మీ నాన్నగారు."

"నాన్న పిండిలో గడియారం ఎందుకు వేస్తాడు?"

"అదే నేనూ అడుగుతున్నాను."

కొడుకూ కోడలూ పెద్దావిడా వంటింట్లో తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. ఇన్‌స్పెక్టరుగారు మంచినీళ్ళకని లోపలికి రాగానే ముగ్గురూ ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు. కోడలు కడిగిన గిన్నెనే మళ్ళీ కడగసాగింది. ఆయనకు అనుమానం రూఢి అయింది. ఆయన చూసిన చూపుకు వాళ్ళ అనుమానమూ రూఢి అయింది. ఆ ఇంట్లో ఏ విషయంలోనూ ఇంత సమానంగా పంపకాలు జరగలేదు.

మర్నాడు కొడుకు పెరట్లో ఆరేసిన దుప్పట్ల వెనక చేరి క్లినిక్‌కు ఫోను చేశాడు. "మా నాన్నగారి జ్ఞాపకశక్తి కొంచెం జాగ్రత్తగా చూడండి మేడమ్. అవును, బండి కూడా నడుపుతారు. అదే మా భయం."

దుప్పటికి ఇవతల ఇన్‌స్పెక్టరుగారు నిలబడి ఉన్నారు. లేని కుట్రను ఆయన ఇంత దీక్షగా వెతికితే, అది వచ్చి హాజరు వేయించుకుంది.

శుక్రవారం పెద్దవాళ్ళిద్దరినీ కొడుకు క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. ఇన్‌స్పెక్టరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాడికి వెళ్ళేటప్పటి నడక నడిచారు. బరువు చూసే యంత్రం ఎక్కమని నర్సు చెబితే ఎక్కకుండా వంగి దాని వెనక వైపు చూశారు.

"ఏం వెతుకుతున్నారండి?"

"ముద్ర. దీన్ని ఎవరు తనిఖీ చేశారు?"

"నాకు తెలియదండి. నేను కొత్తగా చేరాను."

"నాన్నా, ఎక్కండి" అన్నాడు కొడుకు. నర్సు కాగితం మీద బరువుతో పాటు ఇంకేదో కూడా రాసుకుంది.

తర్వాత వసారాలో కూర్చోబెట్టారు. ఎదురు గోడకు కంటి పరీక్ష అక్షరాల పట్టిక వేలాడుతోంది. ఇన్‌స్పెక్టరుగారు కాళ్ళు తిమ్మిరెక్కాయంటూ లేచి, అటూ ఇటూ పచార్లు చేసి, పట్టిక దగ్గరికి వచ్చినప్పుడల్లా కాస్త ఆగారు. నర్సు వచ్చి గీత దగ్గర నిలబెట్టి, కర్రతో చూపించబోయేలోపే ఆయన పైనుంచి చివరి వరస దాకా గడగడా అప్పజెప్పారు.

"అబ్బో, ఈ వయసులో ఇంత చూపా? చివరి వరస నాకే ఆనదు" అంది నర్సు.

"చూశావా?" అన్నారు ఆయన కొడుకు వైపు తిరిగి. సరిగ్గా చెప్పాలంటే కొడుకు పక్కనున్న స్తంభం వైపు తిరిగి.

డాక్టరు గదిలో అసలు పరీక్ష మొదలైంది. డాక్టరు చిన్న వయసు అమ్మాయి, తొందర లేకుండా మాట్లాడుతోంది. ఆ తొందర లేకపోవడమే ఆయనకు ప్రమాదంగా తోచింది. కొడుకూ పెద్దావిడా వెనక కుర్చీల్లో కూర్చున్నారు.

"నేను మూడు మాటలు చెబుతానండి. గుర్తుపెట్టుకుని మళ్ళీ చెప్పాలి. రైలు, దిండు, తేనె."

ఇన్‌స్పెక్టరుగారు వినలేదు. అచ్చుపుస్తకం ఇంట్లో ఉన్నవాడు పాఠం వింటాడా? డాక్టరు పెదవులు ఆగేదాకా ఆగి, తెలుసులే అన్నట్టు తల ఊపారు. ఈమధ్య పడ్డారా అని అడిగితే లేదన్నారు. నిద్ర పడుతుందా అంటే పడుతుందన్నారు. గడియారం వెయ్యమంటే ముళ్ళతో సహా ముత్యంలా వేసిచ్చారు. వెనకనుంచి కొడుకు నిట్టూర్పు వినిపించింది.

"చాలా బావుంది. ఇప్పుడు ఇందాకటి మూడు మాటలు చెప్పండి."

"గొడుగు" అన్నారు ఆయన గొంతు సవరించుకుని. "పడవ. నిమ్మకాయ."

డాక్టరు కలం కింద పెట్టింది. కొడుకు మొహం పాలిపోయింది.

"మళ్ళీ ఒకసారి ఆలోచించండి."

"ఆలోచించేదేముంది? అవే."

"అవి కాదండీ."

"కాకపోవడమేంటి? ఎప్పుడు మార్చారు?"

"మార్చడమేంటండీ?"

అప్పుడు అర్థమైంది ఆయనకు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేపరు. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ కొట్టుకూ చెప్పి తనిఖీకి వెళ్ళని మనిషికి ఈ ముక్క తట్టలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుర్తులేదంటే మతి పోయినట్టు, బండి పోయినట్టే. గుర్తుందంటే కాపీ కొట్టినట్టు. దొంగ త్రాసులు పట్టినవాడు దొంగ తూకంతో దొరికినట్టు.

"నాన్నా, పర్లేదు నాన్నా. దీనికి మందులున్నాయి" అని కొడుకు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మెత్తగా ఉంది. దాంతో ఆయన పరువు వదిలేసి బండిని పట్టుకున్నారు.

"నాకు మతి సరిగ్గానే ఉందిరా. పేపరు లీకైంది."

"ఏ పేపరు?"

"ఈ పేపరే. ఎదురింటి టైలరుకి పోయిన వారం ఇచ్చిన మాటలవి. రోజూ బట్టీ పట్టాను. గడియారం కూడా."

"పిండిలోనా?"

"పిండిలోనే."

వెనక పెద్దావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు మాత్రం నవ్వకుండా, కాగితాలు తిరగేసి, టైలరుకు తానే ఇచ్చిన మాటలు తనకే గుర్తులేనట్టు కాసేపు ఆలోచించింది.

"సరేనండి. అది నిజమో, ఇప్పుడు అల్లి చెబుతున్నారో నాకెలా తెలుస్తుంది?"

తనను ఒకరు అనుమానించడం ఇన్‌స్పెక్టరుగారికి అలవాటు లేని అనుభవం. ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు.

"నా జ్ఞాపకం సంగతి మీకు తెలియదు. బయట ఆ అక్షరాల పట్టిక ఉంది చూడండి, కూర్చున్న కాసేపట్లో మొత్తం నోటికి పట్టేశాను. కావాలంటే కిందనుంచి పైకి చెప్పనా?"

చెప్పారు కూడా. ఒక్కటీ తప్పలేదు. కొడుకు నోరు తెరుచుకుని వింటున్నాడు. చివరి అక్షరం దాకా వచ్చి, గెలిచిన మొహంతో చూసేసరికి డాక్టరు తలుపు దాకా వెళ్ళి నర్సును పిలుస్తోంది.

"ఈయన పట్టిక చదివారా, అప్పజెప్పారా?"

నర్సు తెల్లబోయింది. "నేను కర్ర ఎత్తకముందే అయిపోయింది మేడమ్."

"ఈ గది గోడకి రెండో పట్టిక తగిలించు."

రెండో పట్టిక మీద ఇన్‌స్పెక్టరుగారికి పెద్ద అక్షరం ఒకటి కనపడింది. దాని కింద వరసలో చీమలు ఉన్నాయని చెప్పారు. డాక్టరు లైటు వేసి కళ్ళలోకి చూసింది.

"మీ జ్ఞాపకశక్తికి ఢోకా లేదండి. ఇంత ఉన్నవాళ్ళు తక్కువ. కళ్ళకే రెండిటికీ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చేసి మళ్ళీ చూపు పరీక్షించేదాకా బండి ముట్టుకోకండి. అది కూడా బీమాలోనే వస్తుంది."

కొడుకు నోరు విప్పే అవసరం లేకుండా తండ్రే అంతా రుజువు చేసి పెట్టారు. ఇన్‌స్పెక్టరుగారు ఆ రెండో పట్టిక వైపు మళ్ళీ చూశారు. పక్కింటి గేటు ఆరోజు తనంతట తాను నడిచి రాలేదేమో అన్న అనుమానం ఆయనకు మొదటిసారి కలిగింది. తనిఖీలో తప్పిన కొలత సాధనాన్ని వాడకంలోంచి తీసెయ్యాలి. ఎంతమంది మొరపెట్టుకున్నా ఆయన ఏ కొట్టుకూ దాంట్లో మినహాయింపు ఇవ్వలేదు. జేబులోంచి స్కూటరు తాళం తీసి కొడుకు ముందు పెట్టారు.

"నాన్నా..." కొడుకు చేతిరుమాలు తీశాడు.

"ఏడుపులొద్దు. రసీదు రాసియ్యి."

"రసీదేంటి నాన్నా?"

"వస్తువు స్వాధీనం చేసుకున్నవాడు రసీదు ఇవ్వాలి. ఎన్ని, ఏ స్థితిలో ఉన్నాయి, ఎప్పుడు తిరిగి ఇస్తావు. సాక్షి సంతకం డాక్టరమ్మగారు పెడతారు."

ఈలోగా పెద్దావిడ వంతు వచ్చింది. ఆవిడ మూడు మాటలూ తప్పు లేకుండా చెప్పి, అడక్కుండానే తన భర్తకు ఇచ్చిన మూడూ కూడా చెప్పి, చూపు పరీక్షలో ఒక్క అక్షరమూ వదలకుండా నెగ్గి వచ్చి కూర్చుంది. కొడుకు రసీదు పూర్తి చేశాడు. 'స్కూటరు తాళం ఒకటి, మంచి స్థితిలో, ఆపరేషన్ తర్వాత తిరిగి ఇవ్వబడును.' ఇన్‌స్పెక్టరుగారు దాన్ని ముక్కుకు ఆనించుకుని రెండుసార్లు చదివి, 'ఒకటి' అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి, ఏ అభ్యంతరమూ చెప్పకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ బండికి తాళాలు రెండన్న సంగతి ఆ గదిలో ఇద్దరికే గుర్తుంది. ఆ ఇద్దరిలో పెద్దావిడ రెండోదాన్ని పొద్దున్నే, ఆయన చేతికి దొరక్కుండా, పంచదార డబ్బా అడుక్కు తోసి వచ్చింది.