విదేశీ చేపడబ్బా భేదనము

వినుడు, నలుదిక్కులా ఉప్పునీరే ప్రాకారముగా గల ద్వీపవాసులారా! సముద్రుడు పొంగివచ్చి ఊళ్ళను ఊడ్చుకొని, ఏమీ ఎరుగనివానివలె తన చోటికి పోయి పడుకొన్న ఆ శీతకాలము గడచి, భూమి ఇంకను అప్పుడప్పుడు వణకుచుండగా, వేసవి తలచూపిన ఒక ఆదివారమున, పోర్ట్‌బ్లెయిర్ చెంత మిన్నీ బే సర్కారు క్వార్టర్లయందు జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను.

అందలి వీరుడు చెన్నకేశవులు. ఫైలుధురంధరుడు, టీపానకేళీలోలుడు, సూపరింటెండెంటు పదవీవిరాజితుడు, నోటితో తప్ప చేతితో బరువెత్తి ఎరుగని బాహుబలశాలి. సునామీ పిమ్మట ఆయన వరండాలో నిలిచి, "ఈ సముద్రపు చేప నా గడప తొక్కదు! అది ఏమేమి మింగినదో ఎవరికెరుక?" అని భీషణ ప్రతిజ్ఞ చేసెను. నలుగురితో నారాయణ కదా! క్వార్టర్ల లైనంతయు చేప మానివేసెను. చేపలపులుసు లేని ఆదివారము ఆదివారమే కాదని నమ్మిన భీమిలి ఆడపడుచు, ఆయన ధర్మపత్ని సత్యవాణి, బంగాళాదుంపలు తరుగుచు నిట్టూర్చుచుండెను.

ఆనాడు వీరుడు అబర్డీన్ బజారునుండి ఒక చేపడబ్బాతో విచ్చేసెను. "ఇంపోర్టెడ్ హై సాబ్, ఏక్‌దమ్ ఫారిన్!" అని దుకాణదారుడు చెప్పగా ఆయనకు ఒడలు పులకించెను. ఆ డబ్బా ప్రయాణము వినదగినది. అది పుట్టిన దేశము మనకు తూర్పున, మద్రాసు కంటె దగ్గర. కాని సుంకములు, అనుమతులు, ముద్రలు అడ్డుగోడలై నిలువగా నేరుగా రాలేక, మన నెత్తిమీదుగా మద్రాసు పోయి, అక్కడ గోదాములో మగ్గి, ఓడ ఎక్కి, వచ్చిన నీటినే మరల దాటి వచ్చెను. ఆ దేశపు వలలు పడినదీ సునామీ లేచినదీ ఒకే సముద్రమని మన సూపరింటెండెంటుకు తోచనే లేదు. మూత బిగించి రంగుకాగితము చుట్టిన చేపకు మైల అంటదని ఆయన సిద్ధాంతము కాబోలు!

ఇక యుద్ధము. వీరుడు మూతమీది ఉంగరమును పట్టి లాగెను. ఉంగరము ఊడి వేలికి వచ్చెను, మూత కదలలేదు. స్క్రూడ్రైవరు వంగిపోయెను. సుత్తి జారి బొటనవ్రేలిపై పడెను. అంతట ఆయన సన్నికల్లు పొత్రమును గదవలె ఎత్తి, "ఓరీ రేకుకవచధారీ! కలెక్టరు సంతకమును సైతము ఒక్క పూటలో తెచ్చిన ఈ హస్తము నీకు లొంగునా?" అని గర్జించెను.

ఆ గర్జనకు గేటు వద్ద చేపలమ్మే అప్పలకొండమ్మ ఆగెను. ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చి ఇక్కడే పాతుకొన్న జాలరి ఇల్లాలు. నెత్తిన నిండుగంప.

"ఏటి బాబూ, ఆ డబ్బా నిన్నేటి సేసింది? నా గంపలో బోలెడు సేపలున్నాయి. దీనికి మూత కూడా నేదు."

"దూరము! దూరము! సునామీ చేప!"

అప్పలకొండమ్మ నవ్వలేదు. "మా ఇంటోడు ఆ సంద్రం మీదకే మల్లీ ఎల్తన్నాడు బాబూ. పడవెక్కడానికి ఆడికి బయ్యం నేదు. తిండానికి నీకు బయ్యమా? తెచ్చిన గంప తెచ్చినట్టే మోసుకుపోతన్నాను. ఇయ్యాల కూడా అమ్ముడవకపోతే పడవమ్మేత్తానంటన్నాడు."

గుమ్మములో నిలిచిన సత్యవాణి ఆ మాట విని చేతిలోని బంగాళాదుంపను పక్కన పెట్టెను. వీరునికి మాత్రము చెవులు మూసుకొనుటకు పొత్రపు మోత చాలినది. ధనామని వేసిన ఆ దెబ్బకు డబ్బా నోరు తెరచి, నూనెయంతయు ఆయన ముఖమున, కొత్త బనియనుపైన కురిపించెను. "జయించితిని! వండుము!" అని కేకలిడుచు ఆయన స్నానాలగదిలోనికి పరుగిడెను.

పక్క క్వార్టరు పిల్లి దిగుమతి సుంకమేమియు చెల్లింపకయే డబ్బా నాకి పోయెను. సత్యవాణి ఖాళీ డబ్బాను చూచెను. గేటు వైపు చూచెను.

"దీదీ," అని మెల్లగా పిలిచెను, "కవళ్ళ చేపలున్నాయా, ఈ డబ్బాలోవాటిలాంటివి? వెనక గుమ్మం వైపు రా. జల్దీ!"

మధ్యాహ్నము పులుసు కలిపిన తొలి ముద్ద నోటబెట్టి వీరుడు కనులు మూసెను. "ఆహా! ఫారిన్ ఫారినే! మన సముద్రమునకు ఈ జన్మలో ఇట్టి చేప పుట్టునా?" ఇంతలో పంటిసందున ఒకటి గుచ్చుకొనెను. ఆయన దానిని లాగి వెలుతురుకు పట్టి, "ముల్లు కూడ ఎంత నాణ్యముగా నున్నదో చూడుము!" అనెను. ఇట్టివానితో ఎవరేమి వాదించగలరు?

"అవునండీ," అనెను సత్యవాణి. "ఇంకొంచెం పులుసు వెయ్యనా?"

తిన్న చేయి కడుగకయే ఆయన వరండాలో నిలిచి విదేశీ మత్స్యమహిమను లైనంతటికిని చాటెను. మగవారందరు తలలూపిరి. సాయంకాలము ఎదురింటి హేమమాలిని పెరటి దారిన వచ్చి, సత్యవాణి చెవిలో అంతయు విని, కొంగు నోట కుక్కుకొని నవ్వి, "అక్కా, ఆ డబ్బా ఒక్కసారి ఇవ్వండి. మా ఆయనకు చూపించి ఇచ్చేస్తాను," అనెను.

అది మొదలు ఆ సొట్టడబ్బా తోమి ఆరబెట్టబడినదై, వంటింటినుండి వంటింటికి దిగ్విజయయాత్ర సాగించెను. అది అలమరలో కనబడిన ఇంట మగవాడు నిర్భయుడై తినెను. పెరటి గుమ్మమున అప్పలకొండమ్మ గంప దించెను.

జయము, చెన్నకేశవా! దేశములు దాటి వచ్చిన రేకును భేదించి, కడకు పిల్లి కడుపు నింపితివి. నీ కీర్తి ఆ ఖాళీ డబ్బాయందు ఆచంద్రార్కము నిలుచుగాక! అప్పలకొండమ్మ మొగుడు పడవ అమ్మలేదు.