కూలర్‌లో నీళ్లు ఎవరు పోయాలి?

అయినా, శత్రువు లేని ఆఫీసుకు మనిషి పొద్దున్నే లేచి ఎందుకు పోవాలి? జీతం కోసమా? జీతం నెలకోసారి వస్తుంది. శత్రువు రోజూ వస్తాడు!

ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఎదుటి టేబుల్ దగ్గర ఉమామహేశ్ అనే సహోద్యోగిని పెట్టుకుని, రెండు ఎండాకాలాలు పరిశోధించి అంటున్నాను. మీ ఆఫీసులో మిమ్మల్ని చూసి ముఖం తిప్పుకునేవాడు ఒక్కడైనా లేడా? పాపం!

నేను నలుగురిలో కలిసే రకం కాదు. టీ అంగడి దగ్గర నిలబడను, పెళ్లిళ్లకు పోయినా భోంచేసి వచ్చేస్తాను. ఇలాంటివాడికి తోడెవరు? స్నేహితుడు ఆదివారం గుర్తుకు రాడు. శత్రువు ఆదివారం కూడా వస్తాడు! అన్నం కలుపుకుంటుంటే వస్తాడు, నెత్తిన నీళ్లు పోసుకుంటుంటే వస్తాడు. వాడికి చెప్పాల్సిన జవాబులు స్నానాల గదిలో ఎంత పదునుగా కుదురుతాయో! మనస్తత్వశాస్త్రం పుస్తకాలు చాలానే చదివాను. వాటిలో దీన్ని జబ్బు అన్నారు. రాసినవాళ్లెవరూ కర్నూలులో ఉద్యోగం చేసి ఉండరు.

మా వైరం కూలర్ దగ్గర మొదలైంది. గదిలో ఉండేది మేమిద్దరం, కూలర్ ఒకటి. దాని గాలి అటూ ఇటూ తిరగదు, ఎటు పెడితే అటే కొడుతుంది. ఉమామహేశ్ టీకి పోగానే నేను నా వైపు తిప్పేవాణ్ణి. ఆఫీసరు పిలిచి నేను లేస్తే ఆయన తన వైపు తిప్పుకునేవాడు. తప్పేముంది? సరిహద్దుల దగ్గర దేశాలు చేసే పనే కదా!

అంతకుముందు ఒకే టేబుల్ మీద క్యారియర్లు విప్పేవాళ్లం. ఆయనది ఆదోని వైపు. బొరుగులతో చేసిన ఉగ్గాని తెచ్చి, మిరపకాయ బజ్జీని సగానికి విరిచి నా మూతలో పెట్టేవాడు. నేను ఏం మాట్లాడినా వినే మనిషి ఆ ఆఫీసులో ఆయనొక్కడే. ఎంత అజ్ఞానం! అంత మంచి శత్రువును ఉత్త స్నేహితుడిగా వాడుకుని వృథా చేశాను.

కూలర్ తిప్పుకోవడాలు మొదలయ్యాక పక్క సెక్షన్ ఓబుళేశు ప్రవేశించాడు. తపాలా శాఖ పోగొట్టుకున్న ఆణిముత్యం! "ఏమప్పా, నీకు తెల్సునా? కూలర్లో నీళ్లు పోసేది నీ పనేనంట. ఉమామహేశ్ అందరి దగ్గరా అంటాండాడు," అని చెవిలో వేసి పోయాడు. అవతలి చెవిలో ఏం వేశాడో తెలియదు. మర్నాటి నుంచి ఉమామహేశ్ నీళ్లు పోయలేదు. నేనూ పోయలేదు.

ఎంత గొప్ప ఏర్పాటో చూడండి! నేను పోస్తే చల్లగాలి ఆయన తిప్పుకుంటాడు. ఆయన పోస్తే నేను తిప్పుకుంటాను. అంత అన్యాయం జరగకూడదని ఇద్దరం ఎండిపోయిన కూలర్ ముందు వడగాలి పీలుస్తూ కూర్చున్నాం. తిప్పుకోవడం మాత్రం మానలేదు. వేడిగాలైతేనేం, హక్కు హక్కే! ఫైళ్లలో కాగితాలు అప్పడాల్లా పెళపెళలాడాయి. గమ్ము సీసా రాయి అయింది. పెదవులు పగిలాయి. అయినా ఎదురుగా ఉడికిపోతున్న ఆ ముఖం చూస్తే లోపల ఎంత హాయి!

లాభాలు ఇంకా ఉన్నాయి. ఆయన వేలెత్తి చూపిస్తాడన్న భయంతో నేను రాసిన నోట్‌లో ఒక్క అంకె తప్పు పోలేదు. ఆయన కంటే ముందే సీట్లో కూర్చునేవాణ్ణి. ఏ ఆఫీసరు నా చేత ఇంత పని చేయించగలిగాడు? ఉద్యోగికొక శత్రువును ప్రభుత్వమే మంజూరు చేయాలి!

నాకు మంజూరైనవాణ్ణి నిన్న రద్దు చేశారు. ఉమామహేశ్‌కు డోన్‌కు బదిలీ. ఈ రోజే రిలీవ్.

"గెలిచినావు పోప్పా! ఇంక కూలరంతా నీదే," అని ఓబుళేశు నా భుజం తట్టాడు.

నాదే. ఇక అది నా వైపే ఉంటుంది. ఆఫీసరు దగ్గరికి పోయి వచ్చినా నా వైపే ఉంటుంది. ఎప్పుడు తిరిగొచ్చినా, నేను పెట్టినచోటే, నేను పెట్టినట్టే ఉంటుంది! రెండేళ్లలో మొదటిసారి, అంత ఎండలో, నాకు ఒళ్లు చల్లబడింది.

మధ్యాహ్నం ఆయన సొరుగు ఖాళీ చేస్తున్నాడు. ఒక్కమాట అనకుండా పోతాడు. ఆయన స్థానంలో నేనున్నా అంతే. అడగాల్సింది ఒకటే: నీళ్లు పోసేది నా పనేనని నువ్వు నిజంగా అన్నావా? స్నానాల గదిలో ఆయనను వెయ్యి ప్రశ్నలు అడిగాను, ఈ ఒక్కటి తప్ప. అడగడానికే లేచాను. కాళ్లు మాత్రం బయటికి నడిచాయి.

వరండాలో కొళాయి కింద బకెట్ పెట్టి నింపాను. మోసుకొచ్చి కూలర్‌లో పోశాను. దాన్ని ఆయన కుర్చీ వైపు తిప్పాను. గుమ్మంలో ఓబుళేశు నోరు తెరిచాడు. ఇద్దరమూ అక్కడే ఉన్నాం, ఇక ఎవరి మాట ఎవరికి మోస్తాడు? మూసుకున్నాడు.

ఉమామహేశ్ నా వైపు చూడలేదు. లేచి కూలర్‌లోకి తొంగి చూశాడు.

"ఇంతేనా? రెండేండ్లు ఎండిన గడ్డికి ఇది యాడ సాలుతుందప్పా! ఇంకో బకెట్ తే."

తేవడానికి పోయాను.