కోటు జేబులో టర్కీ పెట్ట

ఆదివారం పొద్దున్నే వెర్నా టిడ్వెల్ భర్త కోటును మంచం మీద పరిచి జేబులన్నీ సోదా చేసింది. ఎడమ జేబులో పలక, దాని మీద గీసే పుల్ల దొరికాయి. కుడి జేబులో అంగిట్లో పెట్టుకుని ఊదే రబ్బరు బిళ్ళ దొరికింది. పై జేబులో రుమాలు వెనకాల గుడ్లగూబ ఈల బయటపడింది.

"చర్చికి బయల్దేరావా, అడవికా?"

"చర్చికే. అవి నిన్నటివి, తియ్యడం మర్చిపోయా."

"నిన్నంతా ఈ కోటు బీరువాలోనే ఉంది హాలిస్."

హాలిస్ నేల చూపులు చూశాడు. ఏప్రిల్ వచ్చి టర్కీ కోళ్ళ వేట మొదలైందంటే ఆ కొండల్లో మగవాడన్నవాడి జేబు ఇలాగే ఉంటుంది. టర్కీ పుంజును పిలవడం ఒక పిలుపుతో అయ్యే పని కాదు. తెల్లవారుజామున గుడ్లగూబలా కూస్తే చెట్టు మీది పుంజు ఉలిక్కిపడి కూసి తన చోటు తనే చెప్పేస్తుంది. కాస్త దగ్గరకొచ్చాక పలకని పుల్లతో గీకి పెట్టలా కూయాలి. చేతులు తుపాకీ మీదుంటే నోట్లో బిళ్ళే దిక్కు. గాలి వీచే రోజున దూరానికి వినిపించాలంటే దేవదారు చెక్క పెట్టె ఉండాలి. దాని మూతకి సుద్ద పూసి అటూ ఇటూ రాస్తే అచ్చం పెట్ట అరిచినట్టే ఉంటుంది. హాలిస్ ఇవన్నీ భార్యకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు. ఆవిడ అప్పుడే వినడం మానేసింది.

"ఇవాళ ఒక్క పూట హాలిస్, నాకోసం. ఆ లైల్ ప్రూయెట్ గారు ఈ సంఘానికి పాస్టరుగా రావాలి," అంది వెర్నా.

కారణం హాలిస్‌కు తెలుసు. రెండేళ్ళ కిందట వెర్నా తల్లి పోయింది, పోయి పోయి టర్కీల వేట రోజుల్లో పోయింది. అప్పటి పాస్టరు మోకాళ్ళ దాకా బురద బూట్లతో వచ్చి, ఎనభై ఏళ్ళ మనిషిని కాఫీ చల్లారేలోపు సమాధి చేసి, గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు. వెర్నా ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, వేటగాడిని మళ్ళీ ఆ వేదిక ఎక్కనివ్వనని. ఆయన వేరే ఊరికి బదిలీ అయ్యాక, తనే పట్టుబట్టి చికాగో నుంచి ఈ ప్రూయెట్‌ను పిలిపించింది. ఇస్త్రీ చొక్కా, శుభ్రమైన గోళ్ళు, నెమ్మదైన మాట. ఇవాళ ఆయన ప్రసంగం, ఆ వెంటనే సంఘం ఓటు.

మగవాళ్ళు మాత్రం ముందే పెదవి విరిచేశారు. "టర్కీ కూత తెలియని చెవికి దేవుడి మాటేం తెలుస్తుంది?" అన్నాడు డబ్ హార్గెట్. డబ్, వాడి వేటగాళ్ళ జట్టు ఓటుకు హాలిస్ చెయ్యెత్తితేనే ఎత్తుతారు. అందుకే వెర్నా బతిమాలింది. హాలిస్ మనస్ఫూర్తిగానే మాటిచ్చాడు.

మాటిచ్చాక, ఆవిడ తల దువ్వుకుంటుండగా వంటింటి సొరుగులోని చెక్క పెట్టెను కోటు లోపలి జేబులోకి దోపుకున్నాడు. పాపం, దుర్బుద్ధి ఏమీ లేదు. చర్చి వెనకాల సమాధుల అవతల ముసలి జడ్జి అని పేరుపడ్డ టర్కీ పుంజు మూడేళ్ళుగా అతన్ని ఏడిపిస్తోంది. భోజనాలయ్యాక ఒక్క పిలుపు పిలిచి, ఎక్కడుందో తెలుసుకుని వచ్చేద్దామనుకున్నాడు. నడుస్తుంటే మూత కదిలి అరవకుండా ఆ పెట్టెకు ఎప్పుడూ రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. శనివారమే వెర్నా ఆ బ్యాండు తీసి బంగాళాదుంప సలాడు గిన్నెకు చుట్టేసింది. హాలిస్ చూసుకోలేదు.

ట్రక్కు చప్పుడులోనూ గుమ్మం దగ్గర పలకరింపుల్లోనూ పెట్టె గొంతు ఎవరికీ వినపడలేదు. కానుకలప్పుడు సంఘ పెద్దగా హాలిస్ పళ్ళెం పట్టుకుని మధ్య దారిలోకి అడుగుపెట్టాడు.

"క్యావ్," అంది కోటు.

ఇంకో రెండడుగులు వేశాడు. "క్యావ్, క్యావ్."

గాలి కోసం తెరిచి ఉంచిన వెనక తలుపుల్లోంచి సమాధానమొచ్చింది. "గుళ్‌గుళ్‌గుళ్‌గుళ్!"

పెట్టలన్నీ గుడ్ల మీదికి పోయి, పుంజులు ఒంటరిగా తిరిగే వేళ అది. బల్లల మీది మగవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. పుంజు దగ్గరుంటే కనురెప్ప కూడా కదపకూడదని అక్కడ ఉగ్గుపాలతో నేర్పుతారు. డబ్ హార్గెట్ కానుక తియ్యబోయి జేబులో పెట్టిన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. ఎవడూ తల తిప్పి చూడలేదు.

కదిలితే పెట్టె అరుస్తుందని హాలిస్, విల్మా అనే పెద్దావిడ ముందు పళ్ళెం చాచి నిలబడిపోయాడు. ఆవిడ కానుక వేసింది. అతను కదల్లేదు. ఇంకొంచెం వేసింది. అప్పటికీ కదల్లేదు.

"ఇంకా చాల్లేదా నాయనా?" అని గొణిగి, సంచీ బోర్లించి పిప్పరమెంట్లతో సహా పళ్ళెంలో పోసేసింది.

పళ్ళెం వెనక్కి రాలేదు కాబట్టి పియానో దగ్గరున్న యూలా అదే కీర్తన మళ్ళీ మొదలుపెట్టింది. అదయ్యాక ఇంకోసారి అందుకుంది. హాలిస్ చెమటలు కక్కుతూ పక్కకి జరిగాడు. "క్యావ్!" ఈసారి జవాబు సమాధుల కంచె ఇవతల నుంచి వచ్చింది.

"కదలకు బ్రదర్, వచ్చేస్తున్నాడు!" అన్నాడు డబ్ పెదాలు కదపకుండా.

హాలిస్ ఎలాగో బల్ల చివర కూలబడేసరికి ప్రూయెట్ వేదికెక్కాడు. చనిపోయిన లాజరును ప్రభువు సమాధిలోంచి లేపిన కథ మెల్లగా మొదలుపెట్టి, ఉన్నట్టుండి బల్ల గుద్ది గర్జించాడు. "లాజరూ, బయటికి రా!"

"గుళ్‌గుళ్‌గుళ్‌గుళ్!"

మగవాళ్ళందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు. ప్రూయెట్ మళ్ళీ గర్జించాడు, బయట జడ్జి మళ్ళీ పలికాడు. ప్రసంగం మామూలు వేళ దాటి, కోడి వేపుడు చల్లారే వేళ కూడా దాటింది. ఒక్కడు ఆవలించలేదు, దగ్గలేదు, గడియారం చూడలేదు. ముందు బల్ల మీద ప్రూయెట్ భార్య కోరిన్ పక్కన కూర్చున్న వెర్నా వెనక్కి తిరిగి చూసింది. బయట పుంజు ప్రాణం తీస్తున్నా ఒక్క మగవాడు లేచి పోలేదు! ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తల్లి సమాధి ఆ తలుపుల అవతలే ఉంది.

ఆ తడి కళ్ళు హాలిస్ చూశాడు. ఓటుకు పిలవాల్సినవాడు తనే. లేచాడు. "క్యావ్," అంది కోటు. ఇక దాచి లాభం లేదు. పెట్టె తీసి అందరికీ చూపించాడు.

"పాస్టరు గారూ, మీకు తెలియకుండా ఓటు పెట్టడం ధర్మం కాదు. మావాళ్ళు బొమ్మల్లా కూర్చున్నది మీ ప్రసంగానికి కాదు. ఈ పెట్టె కూసింది, బయట పుంజు బదులిచ్చింది. మీరు గట్టిగా అరిచినప్పుడల్లా అది ఉలిక్కిపడి కూసింది. తప్పు నాది. వెర్నా, నీకు మాటిచ్చి తప్పాను."

వెర్నా ముఖం కత్తివేటుకి నెత్తురు చుక్క లేనట్టయింది.

ప్రూయెట్ గొంతు సవరించుకున్నాడు. "బ్రదర్ హాలిస్, పెట్టె మూతకి సుద్ద ఎక్కువ పట్టించారు. పెట్ట కూత మరీ తొందరపడుతోంది."

ప్రూయెట్ వెనక తలుపు వైపు వేలు చూపించాడు.

"అందరి వీపులూ తలుపు వైపున్నాయి, నాకొక్కడికే ఎదురుగా ఉంది. పుంజుగాడు తోక విప్పుకుని మెట్ల దాకా వచ్చాడు. ఈ పుంజు ఎగిరిపోతే మీరు లేచి వెళ్ళిపోతారని నాకు తెలుసు. అందుకే కూత ఆగినప్పుడల్లా బల్ల గుద్దాను. చికాగో నేను చదువుకున్న చోటు. పుట్టింది పక్క రాష్ట్రం కొండల్లో."

"లైల్!" అంది కోరిన్ నెత్తి కొట్టుకుంటూ. "ఇక్కడ టర్కీల మాట ఎత్తనని ఒట్టేశావు కదయ్యా!"

"పుంజు రొమ్ము మీది గడ్డం ఎంత పొడుగుంది పాస్టరు గారూ?" అని అడుగుతూనే డబ్ ఓటుకు చెయ్యెత్తేశాడు. వాడి వెనక జట్టంతా ఎత్తింది.

"చేతులు దించండి," అంటూ వెర్నా లేచి నిలబడింది. "నాదొక ప్రశ్న. ఏప్రిల్లో మా ఇంట్లో ఎవరైనా పోతే ఏం చేస్తారు? మా అమ్మకి మీలాంటాయనే పది మాటలు కూడా చెప్పలేదు."

ప్రూయెట్ వేదిక దిగి ఆవిడ ముందుకొచ్చాడు. "సిస్టర్ వెర్నా, అంత పుంజును నా జన్మలో చూడలేదు. మొదటి నుంచీ కళ్ళెదురుగానే ఉంది. నేను ప్రసంగం తగ్గించానా?"

వెర్నా ఆలోచించింది. తగ్గించకపోగా సాగదీశాడు. ఆవిడకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. అందరికన్నా ముందు చెయ్యెత్తింది. తర్వాత హాలిస్ వైపు చూసి, పెట్టె ఇటిమ్మన్నట్టు రెండో చెయ్యి చాపింది.

ఆవిడ వెనకే అందరూ ఎత్తారు, ఒక్క చెయ్యి కూడా దిగి లేదు. ముగింపు ప్రార్థన కొత్త పాస్టరునే చెయ్యమన్నారు. ఆయన భక్తిగా కళ్ళు మూసుకుని, తలుపు వైపు ఒక చెవి పెట్టి, "ఆమెన్" అన్నాడు.