ఏడో గడిలో ఈస్ట్

ఈ దేశంలో అనుమతి లేకుండా జరుగుతున్న పనులన్నింటిలోకీ మిక్కిలి ఆందోళన కలిగించేది పులియడం. దానికి పనివేళలు లేవు, పై అధికారి లేడు, సంతకం పెట్టే చోటు లేదు. ఈ అరాచకాన్ని అదుపు చేయడానికే లాల్‌దర్వాజాలో పులియు పదార్థముల పర్యవేక్షణ కార్యాలయం వెలిసింది. (రెండో అంతస్తు. లిఫ్టు ఉంది, దానికింకా అనుమతి రాలేదు.) ఆ మెట్ల కింద బల్ల వేసుకుని జనానికి దరఖాస్తులు రాసిపెట్టడం నా వృత్తి. కాబట్టి ఈ కథలో తప్పెవరిదో ముందే చెప్పేస్తాను. నాదే.

స్వరూప మా గల్లీ పిల్ల, సూక్ష్మజీవుల శాస్త్రం చదువుకుంది. వాళ్ళ మేనమామ పొలం గట్టున తొమ్మిదేళ్ళుగా కిత్తనార మొక్కలు పెరుగుతున్నాయి. ముళ్ళ ఆకులు నరికేస్తే నడుమ పెద్ద గుమ్మడికాయంత దుంప మిగులుతుంది. దాన్ని ఉడికించి, రసం పిండి పీపాలో పోస్తే, గాలిలో తిరిగే ఈస్ట్ వచ్చి చేరి అందులోని చక్కెర తిని మద్యం చేస్తుంది. తర్వాత దాన్ని సారాలాగా కాచుకోవాలి. మెక్సికోలో ఇదే చేసి ప్రపంచమంతా అమ్ముకుంటున్నారు. స్వరూపకు ఒక్క పీపా చేసి చూపించాలని ఆశ. నరికిన కిత్తనార మళ్ళీ చిగురించదు. ఇంకో పీపా కావాలంటే ఇంకో తొమ్మిదేళ్ళు ఆగాలి.

దరఖాస్తులో ఏడో గడి: "పనిచేయువారి సంఖ్య."

"ఎంతమందని రాయాలె బిడ్డా?" అని అడిగాను.

"నేనొక్కదాన్నే బాపు. అసలు పని చేసేది ఈస్ట్. గవి లక్షల కోట్లు ఉంటయ్."

నిజం రాయడం నా బలహీనత. ఉన్నదున్నట్టు రాసేశాను.

అనుమతి వచ్చి పీపా పొంగడం మొదలయ్యాక నిబంధన బయటపడింది: ఇరవైమందికి మించి పనిచేసే చోట హాజరుపట్టీ ఉండాలి, వారానికొక సెలవు ఇవ్వాలి. సూపరింటెండెంట్ విఠల్‌రావు గారు నిబంధన దాటే మనిషి కారు.

"ఆదివారం గూడ పని చేపిస్తున్నవా? గట్ల నడవదమ్మా."

"వద్దంటే ఆగుతయా సార్? మీ ఇంట్ల దోసెల పిండి ఆదివారం పొంగదా?"

"మా పిండి మా ఇంట్ల ఉన్నది. నీ ఈస్ట్ ఫైలుల ఉన్నది."

హాజరు సంగతి సులువుగానే తేలింది. ఇన్‌స్పెక్టర్ మాధవ్ రోజూ వచ్చి నురగను స్కేలుతో కొలిచి, నాలుగంగుళాలుంటే "అందరూ హాజరు" అని రాసుకునేవాడు. సెలవు కోసం మాత్రం పీపాను పక్కింటి బాలనర్సింహ పాల చల్లపెట్టెలో పెట్టాల్సి వచ్చింది. "ఫికర్ చెయ్యకు చెల్లె. నా బర్రెలకైతే ఆదివారం లేదు, గీటికన్న ఉండనియ్" అన్నాడాయన. చలికి ఈస్ట్ మందగించింది. మాధవ్ పీపాకు చెవి ఆనించి, చప్పుడు లేదని నిర్ధారించుకుని, "సెలవు పాటించబడినది" అని నమోదు చేశాడు.

సోమవారం పీపాను ఎండలో పెడితే నురగ మళ్ళీ లేచింది. ఇంకో నాలుగు రోజులకు రసం ఘాటెక్కింది. స్వరూప మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఇక కాచడమే తరువాయి. అప్పుడే మాధవ్ పీపాలోకి టార్చి కొట్టాడు.

"అడుగున గీ తెల్లగున్నది ఏంది?"

"ఈస్ట్ సార్. అది చేసిన మద్యమే దాన్ని సంపుతది."

మాధవ్ టోపీ తీశాడు. విధి నిర్వహణలో మరణం, అదీ లక్షల కోట్లలో. (కారుణ్య నియామకాల కోసం వారసుల వివరాలు అడిగారు. ఈస్ట్‌కు పెళ్ళి ఉండదనీ, ఒంటి పక్కన మొగ్గలాగా బిడ్డను వేస్తుందనీ స్వరూప చెప్పింది. మర్యాద దృష్ట్యా ఆ జవాబును రికార్డులో చేర్చలేదు.) విచారణ ముగిసేదాకా ముట్టుకోరాదని పీపా మూతికి గుడ్డ కట్టి లక్క ముద్ర వేశారు.

"సార్, తొందరగ కాయకపోతే గాలి తగిలి సిర్కా అయిపోతది. తొమ్మిదేండ్ల చెట్లు సార్!" అని స్వరూప రెండో అంతస్తుదాకా వెంటపడి బతిమాలింది. సిర్కా అంటే వెనిగర్; అలా అయితే అది వంటింటికి తప్ప దేనికీ పనికిరాదు. విఠల్‌రావు గారు ఆమెను కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. మంచి మనిషే.

నలభై మూడో రోజున ఉత్తర్వు వచ్చింది. యజమాని తప్పేమీ లేదు, కాచుకోవచ్చు. స్వరూప ముద్ర పగలగొట్టగానే పుల్లటి వాసన గల్లీ చివరిదాకా కొట్టింది. ఆమె వేలు ముంచి నాలుకకు రాసుకుంది. చున్నీతో వేలు తుడుచుకుని మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది.

నేను కోపంతో మెట్లన్నీ ఎక్కి విఠల్‌రావు గారిని నిలదీశాను. "గింత విచారణకు నలభై మూడు దినాలు ఎందుకు పట్టింది సార్?"

ఆయన కళ్ళద్దాలు తీసి ఎంతో నిజాయితీగా జవాబిచ్చారు.

"ఏం జెయ్యాలె? గా కేసుకు ఫారమే లేకుండె. పని చేసి చేసి సచ్చినోళ్ళు మా ఆఫీసుల ఇప్పటిదాంక ఒక్కరు గూడ లేరు."