బాంబరులో సీటు

శనివారం పొద్దున్నే బయల్దేరాలని వేణుమాధవ్ ముందురోజే ఇంట్లో చెప్పాడు. అమెరికాలో వాళ్లుండే ప్లెయిన్స్‌బరోకి గంట దూరంలో ఉన్న చిన్న ఎయిర్‌పోర్టులో, బాగుచేసి నిలబెట్టిన రెండో ప్రపంచయుద్ధపు బాంబరు ఒకటుంది. ఆనాటి యూనిఫారం వేసుకొచ్చినవాళ్లను అందులో ఎక్కించి ఒక చుట్టు తిప్పుతారు. ఈ ఏడాదికి ఆ శనివారానిదే ఆఖరి ట్రిప్పు. పాత సైనిక దుస్తులు సేకరించే పిచ్చి ఉన్న వేణుమాధవ్ ఆ ఒక్క సీటు కోసం రెండేళ్లు ఎదురుచూశాడు.

క్లోజెట్‌లోంచి ఉన్ని ఓవర్‌కోటు తీయగానే కలరా ఉండల ఘాటు ఇల్లంతా కమ్మింది. గుమ్మం దాటబోతుంటే భార్య స్రవంతి తుమ్మింది.

"ఆగండి బాబూ!" అంది అత్తగారు వసుమతి. ఎవరు బయటికి వెళ్తున్నా ఆవిడకి గుండె దడ. వెళ్లొస్తామన్నవాళ్లలో కొందరు రాలేదు మరి. "ఒంటి తుమ్ము. కాస్త కూర్చుని మంచినీళ్లు తాగి లేవండి."

వేణుమాధవ్ తాగి లేచాడు. కోటు తొడుక్కుంటూ ఈసారి తనే తుమ్మాడు.

"ఇంకోటి తుమ్మండి, సరిపోతుంది."

"రావట్లేదు అత్తయ్యగారూ."

"అయితే ఇంకో గ్లాసు."

"అమ్మా, అది శకునం కాదు, ఎలర్జీ!" అంటూనే స్రవంతి మళ్లీ తుమ్మింది.

కారెక్కేసరికి వేణుమాధవ్ పొట్ట కుండలా ఉంది. లేటయిందని దారిలో ఎక్కడా ఆపలేదు.

అక్కడికి చేరేసరికి విమానం ఇంజను ఒకటి తిరుగుతోంది. కోటూ టోపీ అత్తగారి చేతిలో పెట్టి వేణుమాధవ్ రెస్ట్‌రూమ్‌కి పరుగెత్తాడు. స్రవంతి కారు పార్క్ చేయడానికి వెళ్లింది. ఆనాటి ప్యాంటుకి జిప్పు లేదు. వరసగా గుండీలు, బిగుసుకుపోయిన కాజాలు.

బయట చలిగాలి. వసుమతి చీర మీద కోటు తొడుక్కుని టోపీ పెట్టుకుంది. "వేణుమాధవ్?" అని వలంటీరు కేకేశాడు. ఆవిడ చెయ్యెత్తింది. బండి కదిలేలోగా ముందు తను ఎక్కి సీటు ఆపడం గుడివాడ బస్టాండులో ఆవిడకి ఎప్పటినుంచో అలవాటు. గబగబా ఎక్కేసింది.

"సీట్, సీట్. సన్ ఇన్ లా కమింగ్," అంది. ఇంజను హోరులో ఆవిడ సీటు చూపించడం మాత్రమే వలంటీరుకి తెలిసింది. ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. తలుపు మూసుకుంది.

"ఆపవయ్యా! మా అల్లుడుగారు ఎక్కాలి!"

వలంటీరు బొటనవేలు ఎత్తి చూపాడు. అర్థమైంది కాబోలనుకుని ఆవిడా ఎత్తి చూపింది.

ఆఖరి గుండీ పెట్టుకుంటూ వేణుమాధవ్ బయటికొచ్చాడు. "స్రవంతీ, మీ అమ్మేది? నా కోటేది?"

స్రవంతి ఆకాశంలోకి చూపించింది. "రెండూ అక్కడే."

మబ్బుల్లో విమానం కనబడకుండా పోయింది. బెంగ కోటు మీదో అత్తగారి మీదో తెలియక, వేణుమాధవ్ మెడ పట్టేసేదాకా పైకే చూస్తూ నిలబడ్డాడు.

విమానం దిగింది. జనం చప్పట్లు కొట్టారు. టోపీ సర్దుకుంటూ వసుమతి నిచ్చెన దిగింది.

"భయం వేయలేదా అమ్మా?"

"ఎందుకే? ఈసారి వెళ్లింది నేనేగా!" అని, అల్లుడి వైపు తిరిగింది. "ఎవర్నీ కూర్చోనివ్వలేదు బాబూ. వెళ్లి కూర్చోండి."

ఆవిడ వెనక ఒక ట్రాక్టరు ఆ సీటును, విమానంతో సహా, చలికాలానికి షెడ్డులోకి లాక్కెళుతోంది.